ఎర్రమంజిల్ నేర్పిన పాఠం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా అమీర్‌పేటలో జరిగిన సభ్యుల సమావేశంలో రోడ్లు, భవనాల శాఖ విశ్రాంత ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా కరువు భత్యం బకాయిలు, హెల్త్ కార్డులు, కమ్యుటేషన్ రికవరీ, ఇవే చర్చకు వస్తాయి. అవి రావలసినవే. అయితే ఈసారి ప్రత్యేక సంచికకు పనికివచ్చేలా, మన ఇంటిచుట్టూ ఉన్న పాత కట్టడాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. ఉద్యోగమంతా కట్టడాలతోనే గడిచినవాణ్ణి కాబట్టి ఒప్పుకున్నాను. భోజనాల వేళకు ముందే ముగిస్తానని మాట ఇస్తున్నాను.

ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షన్ అనేది యజమాని దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అన్నది. అందుకే ఈ రోజు మనకు పండుగ. ఆ తీర్పు రాకముందు కూడా మనవాళ్ల సేవ సేవే. కానీ ఆ సేవకు విలువ దక్కాలంటే ఒక నిబంధన, ఒక ఫైలు, ఒక తీర్పు కావలసి వచ్చాయి. పాత కట్టడం సంగతీ అంతే. అందంగా ఉందని అందరూ మెచ్చుకున్నంత మాత్రాన అది నిలవదు. దాని పేరు జాబితాలో ఉండాలి. దాని మీద చేయి వేయబోయేవారు పద్ధతి ప్రకారం నడవాలి. ఆపైన ఎవరో ఒకరు దాన్ని వాడుతూ, ఏటా మరమ్మతు చేస్తూ ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా కట్టడం దక్కదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా దీనికి ఉదాహరణ.

మన పేటలు, మన గుట్టలు

మనం కూర్చున్న చోటుతోనే మొదలుపెడతాను. అమీర్‌పేట పైగా వంశపు ప్రభువుల జాగీరు. ‘అమీరె కబీర్’ అనే వారి బిరుదు మీదనే పేటకు ఆ పేరు వచ్చింది. ఇప్పుడు అమీర్‌పేట అంటే కంప్యూటర్ కోచింగులు, హాస్టళ్లు, రెండు మెట్రో మార్గాలు కలిసే స్టేషను. అమీరు ఎవరని మెట్రో దిగే పిల్లలను అడిగితే నవ్వి ఊరుకుంటారు. పంజగుట్టలో ‘పంజా’ అంటే అరచేయి. గుట్టరాతి మీద చేతి గుర్తు ఉండేదని, అందుకే ఆ పేరని పెద్దలు చెప్పేవారు. పేరు మిగిలింది గాని, గుట్ట ఎక్కడ ఉందో చూపించమంటే మాత్రం మనకూ కష్టమే.

పాతదంటే నవాబుల మేడలు మాత్రమే అనుకోవద్దని మనవి. అమీర్‌పేటలోని సారథి స్టూడియో కూడా వారసత్వమే. తెలుగు సినిమా అంతా మద్రాసులోనే ఉన్న రోజుల్లో, పూర్తిగా హైదరాబాదులో తీసిన మొదటి తెలుగు చిత్రంగా చెప్పుకునే ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో అక్కడే తయారయింది. మనలో చాలామంది అప్పటికి నిక్కర్లు వేసుకునే వయసువాళ్లం. ఇటు బేగంపేట వైపు వెళితే 1906లో పూర్తయిన స్పానిష్ మసీదు ఉంది. దాన్ని తలపెట్టిన వికారుల్ ఉమ్రా పైగా వంశీకుడే. ఫలక్‌నుమా కట్టించిందీ ఆయనే. ఇవన్నీ మన ఇళ్ల నుంచి సిటీ బస్సులో పావుగంటో అరగంటో దూరంలో ఉన్నవే.

ఎర్రగడ్డ మీద స్వర్గం

ఇక ఎర్రమంజిల్ విషయానికి వస్తాను. ఈ హాలులో ఉన్నవారిలో కనీసం సగం మంది ఏదో ఒక ఫైలు పట్టుకుని ఆ గుట్ట ఎక్కినవారే.

నిజాం ప్రభుత్వంలో మంత్రి పదవులు నిర్వహించిన నవాబు ఫక్రుల్ ముల్క్ దాన్ని కట్టించారు. 1870 ప్రాంతంలో కట్టినదని సాధారణంగా చెబుతారు. ఆ మిట్టను జనం ఎర్రగడ్డ అనేవారట. అంటే ఎర్రమట్టి దిబ్బ. పారశీకంలో ‘ఇరం’ అంటే స్వర్గవనం. తెలుగువాడికి ఎర్రగా, దర్బారువాడికి ఇరంగా వినిపించేట్లు నవాబుగారు తన మేడకు ఇరం మంజిల్ అని పేరు పెట్టారని చెబుతారు. ఒకే పేరు రెండు భాషల చెవులకూ ఇంపుగా ఉంది. ఈ నగరం స్వభావం ఆ పేరులోనే ఉంది. మనం ఇప్పటికీ ఎర్రమంజిల్ అనే అంటాము. మెట్రో స్టేషను బోర్డు మీదా ఆ పేరే ఉంది.

ఐరోపా పద్ధతి స్తంభాలు, కమానులు, గచ్చుతో తీర్చిన పూలతీగలు, నూట యాభై దాకా గదులు. చుట్టూ పోలో మైదానం, గుర్రపుశాలలు ఉండేవని చెబుతారు. జాగీర్లు పోయిన తరువాత ఆ మేడ ప్రభుత్వం చేతికి వచ్చింది. తరువాత ఇంజనీరింగు కార్యాలయాలు చేరాయి. నవాబుగారు అతిథులను కూర్చోబెట్టిన గదుల్లో మన గుమాస్తాలు కొలతల పుస్తకాలు సరిచూశారు. మే నెలలో కూడా ఆ గోడల లోపల చల్లగా ఉండేది. గోడ అంత మందం, కప్పు అంత ఎత్తు. పక్కనే ఆ తరువాత కట్టిన కాంక్రీటు కార్యాలయంలోకి వెళితే తేడా చొక్కాకే తెలిసేది.

మూడు సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి

1995, 2015, 2019. ఈ మూడు గుర్తుంటే మన నగరపు వారసత్వ కథ సగం తెలిసినట్టే.

1995 డిసెంబరు 14న జి.ఓ. నంబరు 542 వచ్చింది. అప్పటి హుడా జోనింగు నిబంధనల్లో 13వ నిబంధన చేర్చారు. వారసత్వ కట్టడాల జాబితా ప్రకటించారు. వాటిని కూల్చాలన్నా మార్చాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలని, నిపుణులతో ఒక సంఘం ఉండాలని రాశారు. దేశంలో ముంబై కూడా ఆ సంవత్సరమే ఇలాంటి నిబంధనలు తెచ్చింది. అంటే మన నగరం ముందువరసలోనే నిలబడింది. మేడలే కాదు, తరువాత కొన్ని సహజ బండరాళ్లు కూడా జాబితాలో చేరాయి. ఎర్రమంజిల్ పేరు ఆ జాబితాలో ఉంది.

2015 డిసెంబరులో, సరిగ్గా ఇరవై ఏళ్లకు, మరో జి.ఓ.తో ఆ 13వ నిబంధనను తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. కొత్త చట్టం వచ్చింది సరే, పాత జాబితా మాటేమిటి? దాని రక్షణ ఉన్నట్టా, లేనట్టా? సర్వీసులో ఉన్నప్పుడు ఇలాంటి సందుల్లో ఎన్ని ఫైళ్లు చిక్కుకుపోయాయో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ సందేహానికి పరీక్ష 2019లో వచ్చింది. ఆ ఏడాది జూన్ 18న మంత్రివర్గం ఎర్రమంజిల్ స్థలంలో కొత్త శాసనసభ భవనం కట్టాలని నిర్ణయించింది. అదే నెల 27న శంకుస్థాపన కూడా జరిగింది. పౌరులు కొందరు, వారసత్వ అభిమానులు, నవాబుగారి వంశీకులు హైకోర్టుకు వెళ్లారు. సెప్టెంబరు 16న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ రాఘవేంద్ర సింగ్ చౌహాన్, జస్టిస్ షమీమ్ అఖ్తర్‌ల ధర్మాసనం మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మేడ అందంగా ఉంది కాబట్టి కూల్చవద్దని కోర్టు అనలేదు. పరిగణించవలసిన చట్టాలను, వాస్తవాలను పరిగణించకుండా నిర్ణయం తీసుకున్నారు, పద్ధతి పాటించలేదు, కాబట్టి చెల్లదు అన్నది. 1995లో ఎవరో ఒక సెక్షను ఆఫీసరు కూర్చుని జాబితా టైపు చేయించి ఉంటారు. ఎవరో ఇంజనీరు కట్టడాలు తిరిగి చూసి రాసి ఉంటారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. ఇరవై నాలుగేళ్ల తరువాత ఆ కాగితాల బలంతోనే నూట యాభై గదుల మేడ నిలబడింది. మనం చేసిన గుమాస్తా పనికి అర్థం లేదని ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి.

అన్ని కట్టడాలకూ ఆ అదృష్టం పట్టలేదు. పాత సచివాలయం ఆవరణలో జి బ్లాకు ఉండేది. దాన్ని సర్వహిత అనేవాళ్లం. అది 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్. 2020 జులైలో మిగతా బ్లాకులతో పాటు అదీ నేలమట్టమైంది. ఎంతమంది ముఖ్యమంత్రులు కూర్చున్న మేడ! మనలో కొందరు తొలి నియామకపు ఉత్తర్వు అందుకున్నది ఆ ఆవరణలోనే.

పిల్లల దేశంలో ఎలా చేస్తున్నారు

మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. పురుళ్లకనో, మనవల కోసమనో మనమూ వెళ్లివస్తున్నాం. మా అమ్మాయి ఉంటున్న న్యూజెర్సీ ఊళ్లో సాయంత్రం నడకకు వెళితే మామూలు చెక్క ఇళ్లకు కూడా కట్టిన సంవత్సరంతో చిన్న ఫలకాలు కనిపించాయి. రెండువందల ఏళ్లు పైబడిన దేశానికి ఇంత చరిత్ర గర్వమేమిటని మొదట నవ్వుకున్నాను. తరువాత కాస్త చదివితే గౌరవం పెరిగింది.

అక్కడ ఈ పని సర్కారుతో కాదు, జనంతో మొదలైంది. జార్జి వాషింగ్టన్ నివసించిన మౌంట్ వెర్నన్ ఇల్లు శిథిలమవుతుంటే 1853లో ఆన్ పమేలా కనింగ్‌హామ్ అనే ఆవిడ ఆడవాళ్లను కూడగట్టారు. చందాలు పోగుచేసి, 1858లో రెండు లక్షల డాలర్లకు కొనే ఒప్పందం చేసుకున్నారు. ఆ మహిళా సంఘమే ఇప్పటికీ ఆ ఇంటిని నడుపుతోంది. సవానా అనే ఊళ్లో 1954లో పాత మార్కెట్టు భవనాన్ని కూల్చి కార్లు నిలిపే కట్టడం కట్టారు. మరుసటి ఏడాది ఏడుగురు మహిళలు సంఘం పెట్టి, తరువాత కూలబోతున్న డేవన్‌పోర్ట్ ఇంటిని కొని కాపాడారు. ఆపైన పాత ఇళ్లు ఒక్కొక్కటి కొనడం, సరిగ్గా బాగుచేస్తామని షరతుకు ఒప్పుకున్నవారికి అమ్మడం, ఆ డబ్బుతో ఇంకొకటి కొనడం. మన చిట్టీల పద్ధతే అనుకోండి.

చార్లెస్టన్ నగరం 1931లోనే పాత పేట మొత్తానికి రక్షణ నిబంధన పెట్టుకుంది. కాని దేశమంతా కళ్లు తెరిచింది న్యూయార్కు పెన్సిల్వేనియా స్టేషను పోయాక. 1910లో కట్టిన ఆ మహాభవనాన్ని 1963లో కూల్చడం మొదలుపెట్టారు. ఆ దుఃఖంలో 1965లో నగరం చట్టం చేసుకుంది. 1966లో దేశానికంతటికీ చట్టం వచ్చింది. తరువాత గ్రాండ్ సెంట్రల్ స్టేషను నెత్తిన 55 అంతస్తుల టవరు కడతామని యజమానులు వస్తే నగరం కాదన్నది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1978లో నగరమే గెలిచింది. యజమాని పూర్తిగా నష్టపోకుండా, అక్కడ కట్టుకోలేకపోయిన అంతస్తుల హక్కును పక్క స్థలాలకు బదిలీ చేసుకునే వీలు ఉండటం కూడా అందుకు తోడ్పడింది.

అంటే వాళ్లకు ముందు నష్టం, తరువాత చట్టం. మనకు చట్టం ముందే వచ్చింది, దాన్ని నిలబెట్టుకోవడంలోనే తడబాటు. ఇంకో సంగతి. అక్కడి జాతీయ జాబితాలో చేరాలంటే మామూలుగా కట్టడానికి యాభై ఏళ్లు నిండాలి. ఆ లెక్కన ఈ హాలులో ఉన్నవాళ్లమందరం అర్హులమే. అయితే ఆ జాబితాలో ఉన్నంత మాత్రాన సొంతదారు కూల్చుకోకూడదని లేదు. అసలు అడ్డుకునేది ఊరి నిబంధన. అందుకే అక్కడ ఊరివాళ్లు నగరసభ సమావేశాలకు వెళ్లి కూర్చుంటారు, అభ్యంతరాలు రాసి ఇస్తారు.

వాడితేనే బతుకు

తీర్పు కూల్చవద్దని చెప్పగలదు. పైకప్పు సందులో మొలిచిన రావి మొక్కను మాత్రం పీకలేదు. ఆ పని రోజూ లోపల తిరిగే మనుషులు చేయాలి.

బేగంపేటలోని పైగా ప్యాలెస్ చూడండి. అది కూడా వికారుల్ ఉమ్రా కట్టించినదే. ఏళ్ల తరబడి హుడా కార్యాలయంగా ఉంది. అంటే వారసత్వ నిబంధనలు నడిపే సంస్థ తానే ఒక పాత మేడలో కూర్చుని పనిచేసింది. 2008 నుంచి 2023లో నానక్‌రాంగూడకు మారేదాకా అమెరికా కాన్సులేటు అందులోనే నడిచింది. వీసా కోసం మనం వరుసలో నిలబడ్డది ఒక పైగా నవాబు వాకిట్లోనని ఎంతమందికి తోచిందో! మేడ వాడకంలో ఉంది కాబట్టి బతికి బట్టకట్టింది.

కోఠీ రెసిడెన్సీ కథా అదే. కిర్క్‌పాట్రిక్ కాలంలో, 1800 దాటిన తొలి సంవత్సరాల్లో కట్టిన ఆ భవనంలో 1949 నుంచి ఆడపిల్లల కళాశాల నడిచింది. మన ఇళ్లలో అక్కడ చదివిన చెల్లెళ్లు, కోడళ్లు ఎందరో. భవనం దెబ్బతింటే 2002లో న్యూయార్కులోని వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. ఏళ్ల తరబడి పని జరిగి, భవనం మళ్లీ కళకళలాడింది. 2023లో అమెరికా ప్రభుత్వం పైగా సమాధుల మరమ్మతుకు రెండున్నర లక్షల డాలర్లు ప్రకటించింది. మన అమీర్‌పేటకు పేరు ఇచ్చిన వంశపు సమాధులు అవి. దూరపువాళ్లకు ఉన్న శ్రద్ధ దగ్గరవాళ్లకు ఉండాలి కదా అని అడగడమే నా ఉద్దేశం.

ఇంజనీరుగా ఒక మాట. పాత కట్టడాలు గానుగ సున్నంతో కట్టినవి. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి రోజుల తరబడి మాగబెట్టిన సున్నం అది. ఆ గోడ తేమను పీల్చి మళ్లీ బయటకు వదులుతుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. నాలుగు వానాకాలాలకు పూత పెచ్చులుగా ఊడుతుంది, దానితో పాటు పాత గచ్చూ ఊడుతుంది. నా సర్వీసులో ఒక పాత బంగళాకు, ఊరూ పేరూ ఎందుకు లెండి, బడ్జెటు మిగిలిందని మార్చి నెలలో గబగబా సిమెంటు పూయించారు. అయిదేళ్లకు ఆ గోడను కూల్చవలసి వచ్చింది. డబ్బు లేక పాడైన కట్టడాలున్నాయి, డబ్బు తప్పుగా ఖర్చుపెట్టి పాడైనవీ ఉన్నాయి. నిజానికి కావలసినవి చిన్న పనులే. వానకు ముందు తూములు శుభ్రం చేయడం, మొలకలు వేళ్లతో సహా తీయడం, కప్పు మీద నీరు నిలవకుండా చూడటం.

మన సొంత ఇళ్ల మాట

ఇక్కడ ఎవరైనా లేచి, ‘అయ్యా, నువ్వు నవాబుల మేడలు చెబుతున్నావు, నా పెంకుటిల్లు డెవలప్‌మెంటుకు ఇచ్చి మూడు ఫ్లాట్లు తీసుకున్నాను, తప్పా?’ అని అడగవచ్చు. తప్పేమీ లేదు. పిల్లలకు పంచాలి, మోకాళ్లు మెట్లెక్కనివ్వవు, పెన్షన్‌తో పాత ఇంటి మరమ్మతు సాగదు. యజమాని ఒక్కడే భారం మోస్తే వారసత్వం నిలవదు. అమెరికాలో అద్దెకో వ్యాపారానికో వాడే గుర్తింపు పొందిన పాత భవనాన్ని నియమం ప్రకారం బాగుచేస్తే, ఆ ఖర్చులో నూటికి ఇరవై వంతు కేంద్ర పన్నులో తగ్గిస్తారు. మనకూ అలాంటి వెసులుబాటు గట్టిగా అమలు కావాలని కోరడం మన సంఘానికి తగిన పనే. ఇల్లు కూల్చక తప్పదంటే, కూల్చేముందు నాలుగు వైపులా ఫోటోలు తీయించండి. కట్టిన సంవత్సరం, మేస్త్రీ పేరు, ఏ ఊరి కలపో ఒక కాగితం మీద రాసి పిల్లల చేతికి ఇవ్వండి.

మనం చేయగలిగినవి

వయసు మీద పడ్డవాళ్లం, మన వల్ల ఏమవుతుందని అనవద్దు. నాలుగు పనులు మనవి చేస్తున్నాను.

మొదటిది, పనిచేసిన పాత కార్యాలయం గురించి ఒక్కొక్కరు రెండు పేజీలు రాయండి. ఏ గదిలో ఏ సెక్షను, ఏ మెట్లు, ఏ చెట్టు. ఈ సంచికకు పంపండి. ఎర్రమంజిల్‌లో పనిచేసినవారు ముందు రాయాలి.

రెండవది, ఇంట్లో అటక మీద పాత ఫోటోలు, ప్లానులు, వీడ్కోలు సభల గ్రూపు ఫోటోలు ఉంటే పాతసామాను వాడికి వేయకండి. వెనుక నిలబడ్డ భవనం ఇప్పుడు లేకపోవచ్చు.

మూడవది, మనకు అర్జీ రాయడం వచ్చు. 2005 సమాచార హక్కు చట్టం చేతిలో ఉంది. ఫలానా వారసత్వ భవనానికి ఈ ఏడాది మరమ్మతుకు ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది, ఏ పదార్థంతో చేశారు? పది రూపాయల రుసుముతో అడగవచ్చు. ఏ ఫైలు ఎక్కడ ఉంటుందో మనకంటే బాగా తెలిసినవాడు ఎవడు?

నాలుగవది, సెలవు రోజున మనవలను తీసుకుని ఒక్కొక్క కట్టడం చూపించండి. ఎర్రమంజిల్ మెట్రో స్టేషనులో దిగి, ‘ఎర్ర’ అంటే ఏమిటి, ‘ఇరం’ అంటే ఏమిటి చెప్పండి. ఒక్క మాట చాలు, పిల్లవాడు తల ఎత్తి ఆ గుట్ట వైపు చూస్తాడు.

మన సర్వీసు రిజిస్టరు మూసేసినా మన బాధ్యత మూసుకుపోలేదు. ఎక్కడో ఒక గుమాస్తా టైపు చేసిన జాబితా ఒక మేడను నిలబెట్టింది. మనం రాసే రెండు పేజీలు రేపు దేన్ని నిలబెడతాయో ఎవరికి తెలుసు? ఎర్రమంజిల్ గురించి రాయదలచినవారు సభ ముగిశాక కార్యదర్శిగారి దగ్గర పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. మొదటి పేరు నాదే రాసుకోమని చెప్పాను.